ముసాయిదాలపై అభ్యంతరాలు: "ఆన్‌లైన్‌లో పెట్టేశాం కదండీ!" అనేవారి కోసం కొన్ని అపోహలు, వాస్తవాలు

మాస్టర్ ప్లాన్లు, పర్యావరణ అనుమతులు, కరెంటు చార్జీల ప్రతిపాదనలు, కొత్త నిబంధనల ముసాయిదాలు వెలువడినప్పుడు వాటిపై ప్రజల తరఫున అభ్యంతరాలు, సూచనలు రాసి పంపడం చాలాకాలంగా నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది గడువు ముగిశాకే వస్తారు, పైగా ఆ సంగతి తెలియకుండా వస్తారు. "మేము ఎప్పుడో ఆన్‌లైన్‌లో పెట్టేశామండీ" అంటారు. ఎక్కడ పెట్టారని అడిగితే ఒకరు ప్రజావాణి రసీదు చూపిస్తారు, మరొకరు మంత్రిగారిని ట్యాగ్ చేసిన పోస్టు చూపిస్తారు, ఇంకొకరు వేల సంతకాలు చేరిన ఆన్‌లైన్ పిటిషన్ లింకు తెరుస్తారు. ప్రభుత్వ నిర్ణయాల్లో ఆన్‌లైన్‌లో పాలుపంచుకోవచ్చని జనానికి తెలిసింది గానీ, ఎక్కడ, ఎప్పటిలోగా, ఏ రూపంలో అన్నది ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆ ఖాళీని వాట్సాప్ వదంతులు నింపాయి.

అపోహ: ఆన్‌లైన్‌లో ఎక్కడ అర్జీ పెట్టినా ప్రభుత్వానికి అభ్యంతరం చెప్పినట్టే.

కాదు. జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే వివరంగా రాస్తాను.

తెలంగాణలోని ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లోని పీజీఆర్‌ఎస్, కేంద్రంలోని సీపీగ్రామ్స్ ఫిర్యాదుల వేదికలు. పింఛను ఆగిపోయినా, పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడినా, వీధిలో మురుగు పొంగినా అక్కడికి వెళ్లాలి. అక్కడ పెట్టిన అర్జీ ఒక అధికారి లాగిన్‌లోకి వెళుతుంది, ఆ అధికారి ఏదో ఒక సమాధానం రాసి దాన్ని మూసివేయాలి. ముసాయిదాపై అభ్యంతరం వ్యవహారం ఇలా ఉండదు. అక్కడ నిర్ణయం ఇంకా జరగలేదు. జరగబోయే ముందు ఎవరికేమి అభ్యంతరాలున్నాయో చూడాలన్న షరతు నిర్ణయం తీసుకునే అధికారి మీద ఉంది. జనరల్ క్లాజెస్ చట్టం, 1897లోని 23వ సెక్షన్ చెప్పేది ఇదే. ముందుగా ప్రచురించిన తరువాతే నిబంధనలు చేయాలని మూల చట్టం నిర్దేశించిన చోట, ముసాయిదాతో పాటు ఒక తేదీని కూడా ప్రకటించాలి, ఆ తేదీలోగా అందిన అభ్యంతరాలను, సూచనలను పరిగణించాలి. నోటిఫికేషన్‌లో ఇచ్చిన చిరునామాకు, ఆ తేదీలోగా చేరిన కాగితానికే ఈ రక్షణ వర్తిస్తుంది. ప్రజావాణి ఫైలు వేరు, అభ్యంతరాల రిజిస్టరు వేరు, ఒకదానిలోని కాగితం రెండోదానిలోకి తనంతట తాను నడిచి వెళ్లదు.

ఒక పట్టణంలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు ఒక రైతు తన ఫోనులో సందేశం చూపించారు: "మీ అర్జీ పరిష్కరించబడినది." ముసాయిదా పటంలో ఆయన పొలం మధ్య నుంచి కొత్త రోడ్డు గీశారు. అది వద్దని ఆయన ఫిర్యాదుల పోర్టల్‌లో అర్జీ పెట్టారు. పొలం, సర్వే నంబరు అన్న మాటలు కనిపించడంతో అది మండల సర్వేయరుకు వెళ్లింది. సర్వేయరు వచ్చి కొలతలు వేసి, హద్దుల్లో తేడా లేదని నివేదిక ఇచ్చి అర్జీని మూసివేశారు. సర్వేయరు చేసినదాంట్లో తప్పేమీ లేదు, ఆయన ముందున్న ప్రశ్న అంతవరకే. ఈలోగా పురపాలక కార్యాలయంలో అభ్యంతరాల గడువు ముగిసింది, అక్కడి రిజిస్టరులో ఈ రైతు పేరుతో ఒక్క వరుస కూడా లేదు. అప్పటికప్పుడు పత్రం రాసి తీసుకువెళ్తే, ఇన్‌వార్డు గుమస్తా తీసుకున్నారు గానీ, పైన ఎర్ర సిరాతో "గడువు తరువాత అందినది" అని రాశారు. ఆ మాట పడిన కాగితాన్ని చూడాలా వద్దా అన్నది ఇక అధికారి ఇష్టం. ఆ ముసలాయన "పరిష్కరించబడినది అని వచ్చింది కదయ్యా" అని పదేపదే అడుగుతూంటే నా దగ్గర సమాధానం లేకపోయింది. రాత్రిళ్లు నిద్రపట్టక మనవడి చేత అర్జీ పెట్టించుకున్న మనిషిని నిర్లక్ష్యం చేశాడని ఎవరనగలరు?

సంతకాల పిటిషన్లదీ ఇదే కథ. అందులో సంతకం చేసినవారి జాబితా ఆ వెబ్‌సైటు దగ్గరే ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని ముద్రించి నిర్దేశిత చిరునామాకు గడువులోగా పంపితే తప్ప అధికారుల లెక్కలో అది లేనట్టే. ఇక మిస్డ్ కాల్ ఇస్తే వ్యతిరేకత నమోదవుతుందనే సందేశాల గురించి మాట్లాడాలంటే నాకు ఓపిక నశిస్తుంది. ఉమ్మడి పౌరస్మృతిపై 2023 జూన్ 14న లా కమిషన్ అభిప్రాయాలు కోరినప్పుడు ఫోన్ నంబర్లతో ఇటువంటి సందేశాలు ఎంతగా తిరిగాయంటే, వాటితో తమకు సంబంధం లేదని జులైలో కమిషనే ప్రకటన ఇవ్వవలసి వచ్చింది.

సరే, లెక్కలోకి వచ్చే అభ్యంతరం ఎలా ఉంటుంది? మొదటి వరుసలో నోటిఫికేషన్ సంఖ్య, తేదీ ఉండాలి, మెయిల్ అయితే సబ్జెక్టులో కూడా ఉండాలి. తరువాత మీరు ఎవరు, ఈ నిర్ణయంతో మీకేమిటి సంబంధం అన్నది రెండు వాక్యాల్లో చెప్పాలి. ఆపైన ముసాయిదాలోని ఏ క్లాజు మీద, లేదా పటంలోని ఏ సర్వే నంబరు మీద అభ్యంతరమో, ఎందుకో, బదులుగా ఏమి కోరుతున్నారో రాయాలి. "మా బతుకులు రోడ్డున పడతాయి, న్యాయం చేయండి" అని రాస్తే బాధ అర్థమవుతుంది గానీ, గుమస్తా దాన్ని పట్టికలో ఏ గడిలో వేయాలి? "ముసాయిదా పటంలో ఫలానా సర్వే నంబరు గుండా చూపిన రోడ్డుకు ఉత్తరాన ఇప్పటికే బండ్లబాట ఉంది, దాన్నే వెడల్పు చేస్తే సాగుభూమి పోదు, బాటను చూపే పటం నకలు, ఫొటోలు జతచేశాను" అని రాస్తే ఎదుటివారు ఔననో కాదనో కారణంతో చెప్పవలసి వస్తుంది. అభ్యంతరం రాయడంలో కిటుకు అంతా ఇక్కడే ఉంది.

పంపిన తరువాత రుజువు దాచుకోవాలి. మెయిల్ పంపితే అది తిరిగి వచ్చిందేమో చూసుకోవాలి, చివరి రోజుల్లో మెయిల్‌బాక్స్ నిండి ఉత్తరాలు వెనక్కి కొట్టిన సందర్భాలు చూశాను. అందుకే ముఖ్యమైన విషయమైతే మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపమంటాను, లేదా స్వయంగా వెళ్లి రెండో ప్రతిపై ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోమంటాను. గడువును పత్రికలో వార్త చదివిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. కేంద్ర ముసాయిదాల్లో సాధారణంగా గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి ఇన్ని రోజులని ఉంటుంది. భూసేకరణలో అయితే, 2013 చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా ఇచ్చినవారికి స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వాదన వినిపించుకునే అవకాశం కూడా ఇవ్వాలి. పోర్టల్‌లో అర్జీతో ఊరుకున్నవారు పోగొట్టుకునేది ఆ అవకాశాన్నే.

అపోహ: ఎన్ని వేల మెయిళ్లు వెళితే అంత బలం.

ఇది ఓటింగ్ కాదు. 2015 ఏప్రిల్‌లో నెట్ న్యూట్రాలిటీపై, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న సూత్రంపై, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లిన మాట, వాటివల్ల ఆ అంశంపై దేశమంతా దృష్టి పడిన మాట నిజమే. కానీ అదే ఏడాది డిసెంబరులో డేటా ధరల్లో వివక్షపై ట్రాయ్ నాలుగు ప్రశ్నలు అడిగినప్పుడు, కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన ఫ్రీ బేసిక్స్ పథకానికి మద్దతుగా ఫేస్‌బుక్ తన వాడకందార్ల చేత లక్షల్లో ఒకే మూస సందేశం పంపించింది. అడిగిన ప్రశ్నలకు అందులో సమాధానాలు లేవని, సంప్రదింపుల ప్రక్రియను అభిప్రాయ సేకరణ పోటీగా మార్చవద్దని ట్రాయ్ ఘాటుగానే లేఖ రాసింది. 2016 ఫిబ్రవరి 8న వెలువడిన నిబంధనలు ఆ లక్షల మెయిళ్లకు విరుద్ధంగా, వివక్షాపూరిత ధరలను నిషేధించాయి.

దీనికి పూర్తిగా వేరైన దృశ్యం విద్యుత్ నియంత్రణ మండళ్ల దగ్గర కనిపిస్తుంది. విద్యుత్ చట్టం, 2003లోని 64వ సెక్షన్ ప్రకారం ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలన్నిటినీ పరిగణించాకే మండలి చార్జీల ఉత్తర్వు ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాల ఉత్తర్వులు తెరిచి చూడండి. అభ్యంతరదారు ఏమన్నారు, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఏమని జవాబిచ్చింది, మండలి ఏమనుకుంది అన్నది అంశాలవారీగా అచ్చయి ఉంటుంది. ఒక్క రైతు, ఒక్క చిన్న మిల్లు యజమాని లేవనెత్తిన అంశానికి కూడా అందులో చోటు దొరుకుతుంది. నాకు ఈ పనిలో తృప్తి మిగిలేది ఇక్కడే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: అభ్యంతరాన్ని డిస్కంకు కూడా పంపి, పంపినట్టు రుజువు జతచేసి మండలికి ఇవ్వాలని ప్రకటనలో ఉంటుంది, చాలామంది ఆ వాక్యం చదవరు.

అపోహ: పర్యావరణ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభను బహిష్కరిస్తే అది జరగనట్టే. వెళ్లి సంతకం పెడితే ఒప్పుకున్నట్టే.

రెండు సగాలూ తప్పే. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సభ మొదలుపెట్టడానికి కోరం (ఇంతమంది ఉండాలన్న కనీస హాజరు) అవసరం లేదు, పదిమంది వచ్చినా సభ సభే. హాజరు పట్టీలో సంతకం హాజరుకు గుర్తు మాత్రమే. సభను అసలు జరగనివ్వకుండా అడ్డుకుంటే గెలిచినట్టని భావించేవారు కూడా ఒక సంగతి గమనించాలి. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని నివేదిక వస్తే, బహిరంగ విచారణ లేకుండానే ముందుకు వెళ్లే వెసులుబాటు అదే నోటిఫికేషన్‌లో ఉంది. కోపం నాకు అర్థమవుతుంది. టెంట్లు, పోలీసులు, ముందు వరసల్లో బయటి నుంచి తెచ్చిన జనం, ఇవన్నీ చూసినవాణ్నే. అయినా, వెళ్లి మాట్లాడండి. సభంతా వీడియో తీయాలి. చివరన కార్యక్రమ వివరాలను తెలుగులో చదివి వినిపించాలి. మీరు అన్నమాట అందులో లేకపోతే అక్కడికక్కడే అడగండి. వేదిక దగ్గరికి వెళ్లలేనివారు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపవచ్చు.

మిగిలినవి త్వరగా ముగిస్తాను.

అపోహ: ఇంగ్లిష్‌లో రాస్తేనే తీసుకుంటారు. ప్రభుత్వంలో ఏ అధికారికైనా కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడే భాషల్లో వినతి ఇచ్చే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణ ఇచ్చింది. తెలుగులో నిక్షేపంగా రాయండి. అసలు చిక్కు ముసాయిదాలు ఇంగ్లిష్‌లో మాత్రమే రావడం. 2020 నాటి పర్యావరణ మదింపు ముసాయిదా విషయంలో, దాన్ని రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకి అనువదించాలని ఆదేశించి, ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 వరకు పొడిగించవలసి వచ్చింది.

అపోహ: పేరు బయటపడితే వేధిస్తారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2015లో ట్రాయ్ లక్షలమంది పేర్లు, మెయిల్ చిరునామాలు వెబ్‌సైటులో పెట్టేసింది. 2025 జనవరి 3 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా నిబంధనల ముసాయిదాకు వచ్చేసరికి, వచ్చిన అభిప్రాయాలను ఎవరివో బయటపెట్టబోమని ప్రభుత్వమే ముందుగా చెప్పింది. అంటే ఒక్కో సంప్రదింపుకు ఒక్కో పద్ధతి, నోటిఫికేషన్ చదివాకే పంపండి. ఆధార్ సంఖ్య అడగనిదే రాయకండి.

అపోహ: అంతా ముందే నిర్ణయమైపోయింది, రాసి లాభం లేదు. కొన్నిసార్లు ఇది నిజమే, కాదని బుకాయించను. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న 2014 నాటి కేంద్ర విధానం చట్టం కాదు కనుక దాన్ని పక్కనపెట్టిన సందర్భాలున్నాయి. అయితే ముసాయిదాలు వెనక్కి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగుభూములను పారిశ్రామిక జోన్‌లో చూపారని రైతులు ఆందోళనకు దిగాక, 2023 జనవరిలో పురపాలక పాలకవర్గం దాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. అక్కడ రోడ్డెక్కిన జనం వల్లే ఆ ఫలితం వచ్చిందని, కాగితాల పాత్ర తక్కువని వాదించేవారితో నేను పోట్లాడను. రోడ్డెక్కే ఊళ్లకు కూడా నేను చెప్పేది ఒక్కటే, పొద్దున ధర్నాకు వెళ్లేముందు ఇన్‌వార్డు ముద్ర వేయించుకుని వెళ్లండి.

అపోహ: తుది నోటిఫికేషన్ వచ్చేస్తే మన అభ్యంతరం ఏమైందో తెలుసుకునే దారి లేదు. ఉంది. అందిన అభ్యంతరాల జాబితా, వాటిపై తయారైన పరిశీలన పట్టిక, సంబంధిత నోట్‌ఫైలు నకళ్లు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర శాఖలకైతే రుసుము 10 రూపాయలు, సమాధానానికి గడువు 30 రోజులు. మీ ఇన్‌వార్డు సంఖ్యను ఆ దరఖాస్తులోనే ఉటంకించండి. కోర్టుకు వెళ్లాలనుకున్నా న్యాయవాది మొదట అడిగేవి ఆ సంఖ్యనూ, ఆ పట్టికనూ.