గోల్స్ లెక్క కన్నా ముందు గీతలు: రెఫరెండం మీద అపోహలు, వాస్తవాలు

పాలమూరులో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి 20 ఏళ్లు దాటింది. రెఫరెండం అంటే ఒక ప్రశ్న మీద జనమే నేరుగా ఓటేసి జవాబు చెప్పడం. ఆ పాఠానికి రెండు పీరియడ్లు కూడా పట్టవు. పరీక్షలో వస్తే 5 మార్కులు, అంతే. కానీ స్పెయిన్ ఫుట్‌బాల్ క్లబ్బులు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మ్యాచ్ చూద్దామని ఒక రాత్రి మా విద్యార్థుల గదికి వెళ్తే, అదే పాఠం మీద తెల్లవారేదాకా వాదన నడిచింది.

హాఫ్ టైమ్‌లో బార్సిలోనా షర్టు వేసుకున్న అబ్బాయి మొదలుపెట్టాడు. "సార్, బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌలో సరిగ్గా 17 నిమిషాల 14 సెకన్లకు జనమంతా స్వాతంత్ర్యం కావాలని అరిచేటోళ్లు. ఎందుకో తెలుసా?" 1714 సెప్టెంబర్ 11న బార్సిలోనా నగరం స్పెయిన్ రాజు సైన్యానికి లొంగిపోయింది. ఆ ఏడాదినే అభిమానులు గడియారంలో వెతుక్కున్నారు. మూడు వందల ఏళ్ల నాటి ఓటమిని ఒక ఊరు ఫుట్‌బాల్ మైదానంలో గుర్తుపెట్టుకుంటోంది. నాకది చాలా గొప్పగా అనిపించింది. అక్కడి నుంచి మాట బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతం స్పెయిన్ నుంచి విడిపోవాలని పెట్టిన రెఫరెండం మీదికి, తర్వాత బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలిన బ్రెగ్జిట్ మీదికి, చివరికి మన తెలంగాణ మీదికి మళ్లింది. ఆ రాత్రి విన్న మాటల్లో చాలావరకు నేను క్లాసులో ఏటా వినేవే. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఓటేశారు, 90 శాతం మంది అవునన్నారు, ఇంకేం కావాలి?

కాటలోనియా గురించి ఆ అబ్బాయి వేసిన ప్రశ్న ఇదే. 2017 అక్టోబర్ 1న అక్కడ ఓటింగ్ జరిగింది. ఓటేసిన వాళ్లలో 90 శాతానికి పైగా విడిపోదామన్నారు. కానీ ఓటేసింది 43 శాతం మందే. స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం అంతకుముందే ఆ రెఫరెండాన్ని నిలిపేసింది. దాంతో విడిపోవడం వద్దనుకున్న వాళ్లలో ఎక్కువ మంది ఇంటి నుంచే కదల్లేదు. వాళ్ల లెక్కన అది మ్యాచే కాదు. ఎదుటి టీము మైదానంలోకి రాకపోతే ఎన్ని గోల్స్ కొట్టినా ఆ స్కోరు ఏం చెబుతుంది?

అదే రోజు బార్సిలోనాకు లాస్ పాల్మాస్‌తో లీగ్ మ్యాచ్ ఉంది. వాయిదా వేయమని క్లబ్బు అడిగితే లీగ్ ఒప్పుకోలేదు. చివరికి గేట్లు మూసేసి, ప్రేక్షకులు లేకుండా ఆడారు. లాస్ పాల్మాస్ ఆటగాళ్ల షర్టుల మీద స్పెయిన్ జెండా కుట్టి ఉంది. బార్సిలోనా 3-0తో గెలిచింది. దాదాపు లక్ష మంది పట్టే స్టేడియంలో బంతిని తన్నిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఆ రెఫరెండం చెల్లదన్నంత మాత్రాన, ఓటెయ్యడానికి వరుసలో నిలబడ్డ జనాన్ని పోలీసులు లాఠీలతో కొట్టడం సరైంది కాదు. రెండూ వేర్వేరు విషయాలు.

బ్రిటన్ నుంచి విడిపోవాలా అని ఓటేసిన స్కాట్లండ్ దారి వేరు. 2012 అక్టోబర్‌లో లండన్ ప్రభుత్వం, స్కాట్లండ్ ప్రభుత్వం ఎడిన్‌బరోలో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఇద్దరు కెప్టెన్లు టాస్ దగ్గర చేతులు కలిపినట్టే. ప్రశ్నను కూడా ఎన్నికల సంఘం పరీక్షించింది. "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా?" అని మొదట రాశారు. 'అంగీకరిస్తారా' అంటే అవునన్న జవాబు వైపు నెట్టినట్టవుతుందని ఆ మాట తీసేయించి, "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని మార్పించారు. 2014 సెప్టెంబర్ 18న 84.6 శాతం మంది ఓటేశారు. వద్దన్న వాళ్లు 55.3 శాతం. ఓడిన వాళ్లు తమ కోరికను వదులుకోలేదు గానీ, ఆ లెక్క తప్పని మాత్రం అనలేదు.

అపోహ: తెలంగాణకు అప్పుడే రెఫరెండం పెట్టి ఉంటే ఇంత పోరాటం అవసరమయ్యేది కాదు

ఈ మాట అన్న అబ్బాయిది నల్గొండ జిల్లా. "గట్ల పెట్టుంటే ఒక్క రోజుల తేలిపోతుండె సార్" అన్నాడు. ఆ మాట వెనక ఉన్న బాధ నాకు తెలుసు. కానీ నేను తిరిగి ఒకటే అడిగాను: "ఓటు ఎవరికి, తమ్మీ?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 42 లోక్‌సభ స్థానాలున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణవి 17. మొత్తం రాష్ట్రంలో ఓటింగ్ పెడితే జవాబు ఒకటి, పది తెలంగాణ జిల్లాల్లోనే పెడితే ఇంకొకటి. గీత ఎక్కడ గీయాలన్నదే అసలు తగువు. ఆ గీతను రెఫరెండం గీయలేదు. గీత గీశాకే రెఫరెండం మొదలవుతుంది. స్కాట్లండ్‌లో ఉంటున్న వాళ్లే ఓటేయాలని రెండు ప్రభుత్వాలూ ముందే ఒప్పుకున్నాయి కాబట్టి అక్కడ సాధ్యమైంది.

మన రాజ్యాంగంలో కొత్త రాష్ట్రానికి రెఫరెండం దారే లేదు. 3వ అధికరణం ప్రకారం ఆ అధికారం పార్లమెంటుది. రాష్ట్రపతి బిల్లును ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపుతారు, కానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

పిల్లలకు తెలియని ఇంకో సంగతి ఉంది. 1955లో ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపవచ్చని సూచించింది. కలవాల్సిన వాళ్లనే అడగమంది, అదీ సగం కన్నా ఎక్కువ మంది ఒప్పుకోవాలంది. ఆ అడగడం జరగకుండానే 1956 నవంబర్ 1న విలీనం జరిగిపోయింది. ఆ రెండు వంతుల మాట నిలబడి ఉంటే మన చరిత్ర ఎట్లుండేదో అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అపోహ: ఈ ఎన్నికే ఒక రెఫరెండం

ప్రతి ఉప ఎన్నికలోనూ నాయకులు ఈ మాట అంటారు. కొన్నిసార్లు అందులో నిజం ఉంటుంది. 2010 జూలైలో రాష్ట్రం కోసం రాజీనామాలు చేసిన 12 స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగితే, తెలంగాణ రాష్ట్ర సమితి 11, బీజేపీ 1 గెలిచాయి. ఆ ఓటు దేని కోసమో అందరికీ తెలుసు. కానీ మామూలుగా ఓటు తన కారణం చెప్పదు. కులం చూసి వేసిన ఓటూ, రోడ్డు కోసం వేసిన ఓటూ పెట్టెలో ఒకేలా కనిపిస్తాయి.

దీనికి నేను ఏటా చెప్పే ఉదాహరణ గోవా. మన దేశంలో రెఫరెండం జరగలేదన్న అపోహ కూడా దీంతోనే పోతుంది. 1948లో జునాగఢ్‌లో, 1975లో సిక్కింలో జరిగాయి. గోవాలో 1967 జనవరి 16న జరిగింది. మహారాష్ట్రలో కలవాలనుకునే వాళ్లకు పువ్వు గుర్తు, విడిగా ఉండాలనుకునే వాళ్లకు రెండాకుల గుర్తు. ఓటు గోవా, డామన్, డయ్యూ జనానిది, మహారాష్ట్ర వాళ్లది కాదు. రెండాకులే గెలిచాయి. ఆ తర్వాత కొన్ని వారాలకే శాసనసభ ఎన్నికలు వస్తే, గోవాను మహారాష్ట్రలో కలపాలన్న పార్టీనే జనం మళ్లీ గెలిపించారు! ఆ పార్టీ పాలన కావాలి, ఆ పార్టీ పెద్ద కోరిక మాత్రం వద్దు. ఎన్నిక ఒక్కటే జరిగి ఉంటే ఈ తేడా ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ కప్పు అందుకున్న ఫటోర్డా స్టేడియం ఆ గోవాలోనే ఉందంటే, పిల్లలు ఇంకాస్త ముందుకు జరిగి విన్నారు.

నల్గొండ అబ్బాయికి వాళ్ల జిల్లా కథే చెప్పాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని రైతులు, మామూలు జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ మీద "మంచినీళ్లు కావాలా?" అనే ప్రశ్న వేసే దారి లేదు కాబట్టి, ఆ ప్రశ్నను వందల పేర్లుగా రాశారు. అదే ఏడాది తమిళనాడు శాసనసభ ఎన్నికల్లో మొడకురిచి స్థానంలో వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. ఆ ఏడాదే చట్టం మార్చి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్లు రావడానికి మాత్రం ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ప్రశ్న వేసే దారి లేని జనం ఎంత కష్టపడి దారి చేసుకుంటారో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగే

ఇది మన భాషలో వచ్చిన చిక్కు. రెఫరెండాన్నీ, ఫ్యాక్టరీ పెట్టే ముందు ఊళ్లో షామియానా వేసి కలెక్టర్ జరిపే సభనూ పత్రికలు ఒకే మాటతో రాస్తాయి. పర్యావరణ అనుమతుల కోసం జరిగే సభలో ఓటింగ్ ఉండదు. జనం చెప్పింది రాసుకుని పైకి పంపుతారు, నిర్ణయం వేరే చోట జరుగుతుంది. ఒకసారి అలాంటి సభ అయ్యాక ఒక పెద్దాయన నన్ను పట్టుకుని, "అందరం చేతులు లేపి వద్దంటిమి గదా సారూ, మళ్లెట్ల పర్మిషనిచ్చిన్రు?" అని అడిగాడు. ఆయన దాన్ని ఓటనుకున్నాడు. ఆ మాట వాడిన వాళ్లెవరూ కాదని చెప్పలేదు.

నిజంగా ఊరి మాటే చెల్లిన సందర్భమూ ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ తేల్చాయి, తవ్వకం ఆగింది. అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన బలం అది. నల్లమలలో యురేనియం మాట వచ్చినప్పుడు అమ్రాబాద్ వైపు పల్లెల వాళ్లకు నేను చెప్పింది కూడా ఇదే: పిలిచింది కలెక్టర్ సభకా, గ్రామసభకా, ముందు అది కనుక్కోండి.

అపోహ: సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు

"ఒక్క గోల్ తేడాతో గెలిస్తే గెలుపు కాదా సార్?" అన్నారు పిల్లలు. గెలుపే. కానీ ఆ మ్యాచ్ ఆడే రూల్‌ను మార్చాలంటే? ఫుట్‌బాల్ నియమాలు రాసే మండలిలో మొత్తం 8 ఓట్లు. ఫిఫాకు 4; ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు తలా ఒకటి. ఏ నియమం మారాలన్నా 6 ఓట్లు పడాలి. మన రాజ్యాంగ సవరణకూ సభ మొత్తం సభ్యుల్లో మెజారిటీతో పాటు, హాజరై ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండు వంతులు కావాలి, కొన్నింటికి సగం రాష్ట్రాల ఆమోదం కూడా కావాలి. స్విట్జర్లండ్‌లో రాజ్యాంగం మారాలంటే దేశం మొత్తమ్మీద పడిన ఓట్లలో మెజారిటీతో పాటు, ఎక్కువ రాష్ట్రాల్లోనూ మెజారిటీ రావాలి. ఆట ఒక గోల్‌తో గెలవచ్చు గానీ ఆట రూల్ అంత తేలిగ్గా మారకూడదు.

2016 జూన్ 23న బ్రిటన్ 51.9 శాతంతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని తేల్చుకుంది. లీగ్‌లో ఓడితే వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. దీనికి వచ్చే వారం లేదు. పైగా ప్రశ్న ఉండాలా, వెళ్లాలా అన్నదే. ఎలా వెళ్లాలన్నది లేదు. ఫలితం రాగానే ఒక ప్రధాని దిగిపోయారు. ఆ 'ఎలా' తేలడానికే ఏళ్లు పట్టి, ఇంకో ప్రధాని కూడా దిగిపోయారు. ఫుట్‌బాల్ మీదా దెబ్బ పడింది. స్పెయిన్ ఆటగాడు ఫాబ్రెగాస్ 16 ఏళ్లప్పుడు బార్సిలోనా వదిలి ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌లో చేరాడు. 2021 నుంచి ఇంగ్లిష్ క్లబ్బులు 18 ఏళ్లు నిండని విదేశీ కుర్రాళ్లను అలా తెచ్చుకోలేవు. 2016లో ఓటేసిన వాళ్లలో ఎంత మంది దీని గురించి ఆలోచించి ఉంటారు?

అపోహ: జనం నేరుగా ఓటేస్తే అన్యాయం జరగదు

1959లో స్విట్జర్లండ్‌లో ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని రెఫరెండం పెట్టారు. ఓటేసింది మగవాళ్లే. వద్దన్నారు. 1971లో గానీ ఒప్పుకోలేదు. మన దేశంలో 1951-52 మొదటి ఎన్నికలకే చదువు రాని తల్లులు కూడా ఓటేశారు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అపోహ: అభిమానులు అరవడానికే, నిర్ణయాలు డబ్బున్నోళ్లవి

ఇక్కడ మాత్రం పిల్లలే ఆశ్చర్యపోయారు. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ రెండూ సభ్యుల సొత్తే, అధ్యక్షుడిని సభ్యులే ఎన్నుకుంటారు. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. స్వీడన్‌లోనూ అంతే. అక్కడి అభిమానులు క్లబ్బుల వార్షిక సమావేశాల్లో ఓటేసి, వీడియో రిఫరీ పద్ధతి తమ లీగ్‌లోకి రాకుండా ఆపారు. సమావేశానికి వచ్చి కూర్చుని, వాదించి, చెయ్యెత్తారు.

తెల్లవారుజామున టీ తాగి లేవబోతుంటే, అంతసేపూ మౌనంగా ఉన్న ఒకబ్బాయి అడిగాడు. వాళ్లది దేవరకద్ర వైపు పల్లె. తండ్రి పుణెలో మేస్త్రీ పని చేస్తాడు, ఏడాదిలో రెండు నెలలు కూడా ఇంట్లో ఉండడు. "సార్, స్కాట్లండ్ రూల్ పాలమూరులో పెడితే మా నాయనకు ఓటుంటదా?"

లండన్‌లో ఉన్న స్కాట్‌లకు 2014లో ఓటు లేదు. స్కాట్లండ్‌లో ఉంటున్న పోలండ్ వాళ్లకు ఉంది. ఆ రూల్ ప్రకారం ఉండదని చెప్పాను. "ఇల్లు ఈడ్నే ఉండె, పొలం ఈడ్నే ఉండె, మేం ఈడ్నే ఉంటిమి" అన్నాడు. పక్కన ఉన్న వాళ్లు ఆపినా వాడు ఊరుకోలేదు. నాకు కోపం రాలేదు. ఎన్నికల డ్యూటీలో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా కూర్చున్న ప్రతిసారీ, సాయంత్రం ఐదింటికి ఓటర్ల జాబితాలో గీత పడని పేర్లు చూసేవాణ్ణి. ఊరి ఏజెంట్లు ఆ పేర్లు చదువుతూ, ఈయన బొంబాయి, ఈయన పుణె, ఈమె భీవండి అని చెప్పేవాళ్లు. కొందరు రాత్రంతా బస్సులో కూర్చుని, నిద్ర కళ్లతో వచ్చి, వేలికి సిరా పెట్టించుకుని సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లేవాళ్లు. వాళ్లలో ఆ అబ్బాయి తండ్రి కూడా ఉన్నాడేమో.