నాలుగేళ్ల పిల్లాడికి ఐక్యూ ఎంత?

మాటలు ఆలస్యమైన పిల్లల్ని శ్రీకాకుళంలో వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి తీసుకొచ్చే తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఒక్క అంకె గురించే. ఐక్యూ ఎంత వచ్చింది, సర్టిఫికెట్ ఇస్తారా? నిజానికి ఐదేళ్లలోపు బిడ్డకు మేధో వైకల్యం అని రాయకూడదు, ఎదుగుదలలో ఆలస్యం అనే రాయాలి. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల మాట అది. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు.

బడిలో వెనకబడే పిల్లల సంగతి తేల్చమని 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక సంఘం వేసింది. అందులో సభ్యుడైన మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్‌తో కలిసి మరుసటి ఏడాది 30 అంశాల పరీక్ష తయారుచేశాడు. 1908లో వాటిని వయసులవారీగా సర్దారు. మూడేళ్ల బిడ్డ ముక్కు, కళ్లు, నోరు చూపించాలి. రెండు అంకెలు విని తిరిగి చెప్పాలి. బొమ్మలో ఏమేం ఉన్నాయో చెప్పాలి. ఇంటిపేరూ చెప్పాలి. మన ఊళ్లలో ఆ వయసువాడు తన పేరే బుజ్జి అనుకుంటాడు, ఇక ఇంటిపేరేం చెబుతాడు! సాయం కావాల్సిన పిల్లల్ని వెతకడమే బినే ఉద్దేశం. తెలివి పెరగదన్న వాదన ఆయనకు గిట్టేది కాదు. ఆయన పోయాక జర్మనీ మనస్తత్వవేత్త స్టెర్న్ 1912లో మానసిక వయసును, అంటే బిడ్డ ఏ వయసు ప్రశ్నల దాకా చెప్పగలిగితే ఆ వయసును, అసలు వయసుతో భాగించాడు, 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని వందతో హెచ్చించాడు. అదే ఐక్యూ. అంకె ముద్రగా మారింది అప్పుడే.

మన దేశంలో వి.వి. కామత్ 1930ల్లో కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు బినే పరీక్షను మార్చాడు. బినే-కామత్ పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. మాటలతో పెద్దగా పనిలేనిది సెగాన్ బోర్డు: పది చెక్క ముక్కల్ని వాటి గుంటల్లో పెట్టాలి. మూడుసార్లు పెట్టించి, తక్కువ పట్టిన సమయం లెక్కలోకి తీసుకుంటారు. అలాంటి ఆటబొమ్మ ఎన్నడూ చూడని బిడ్డకు మొదటిసారి ముక్క ఏ వైపు తిప్పాలో తెలియదు, కాబట్టి ఆ మూడు అవకాశాలూ న్యాయమే.

మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజన పిల్లల సంగతి వేరు. తెలుగులో అడిగితే నోరు విప్పకపోవచ్చు, ఆ మౌనాన్ని తెలివితక్కువతనంగా లెక్కేస్తే తప్పు పరీక్షదే. ఇంటి భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించిన గిడుగు రామమూర్తి పంతులు ఈ ప్రాంతంవాడే. తెలివి పరీక్షలు మాత్రం ఆ దారి పట్టలేదు.

మార్గదర్శకాలు చెప్పే సామాజిక పరిణతి పరీక్షలో చాలావరకు ప్రశ్నలు పిల్లాడికి కాదు, తల్లికి: తనంతట తాను తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా? ఆ తల్లికి సవర తప్ప రాకపోతే, ఊరి నుంచి తోడొచ్చినవాళ్లు చెప్పిందే జవాబు.