‘తగ్గిందిలే’ అన్న మాట చేరేలోపు

మా చిన్నాయన కువైట్‌లో ఉన్న రోజుల్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవాడు. ఊరికి వస్తున్న తెలిసినవాళ్ళ చేతికిస్తే, తిరుపతిలో మా ఇంటికి చేరేసరికి రెండు మూడు వారాలు పట్టేది. "పాపకు జ్వరం తగ్గిందా?" అని టేపులో ఆయన గొంతు అడుగుతుంది. పాప అప్పటికే వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ ఉంటుంది. చిన్నమ్మ టేపు ఆపి, "తగ్గిందిలే" అని ఆ టేప్‌రికార్డర్‌కే చెప్పి, మళ్ళీ నొక్కేది.

అంగారకుడి మీద కొత్తగా ఊరు కట్టుకున్న మనుషుల ప్రేమకథను ఎవరైనా తెలుగులో రాస్తే, అందులో ఆ టేపు ఆపిన క్షణం ఉండాలని నాకు ఆశ. రాకెట్లు, గాజు గోపురాలు ఎవరైనా ఊహించగలరు. అక్కడున్న అబ్బాయికీ, ఇక్కడ తిరుపతిలో ఉన్న అమ్మాయికీ మధ్య మాట ఆలస్యమైతే ఏమవుతుందో, అదే అసలు కథ.

రేడియో తరంగాలు కాంతి వేగంతోనే వెళ్తాయి, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. అంగారకుడు మనకు బాగా దగ్గరైనప్పుడు దూరం దాదాపు 5.5 కోట్ల కిలోమీటర్లు, బాగా దూరమైతే 40 కోట్లు. అంటే మాట చేరడానికి ఒకప్పుడు 3 నిమిషాలు, ఒకప్పుడు 22. దూరంగా ఉన్న రోజుల్లో ఆ అమ్మాయి అలిపిరి మెట్ల దగ్గర "తిన్నావా?" అని అడిగితే, జవాబు వచ్చేది 44 నిమిషాల తర్వాత. చకచకా ఎక్కే మనిషైతే అప్పటికి గాలిగోపురం దగ్గరపడుతుంది.

ఈ ఆలస్యం మనకు కొత్త కాదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే 2013 నవంబర్ 5న మన అంగారక నౌక మంగళయాన్ బయల్దేరింది. 2014 సెప్టెంబర్ 24న అది కక్ష్యలోకి చేరాలంటే ఇంజన్ సుమారు 24 నిమిషాలు మండాలి. మండటం మొదలైందన్న కబురు భూమికి రావడానికే పన్నెండున్నర నిమిషాలు పట్టింది. అంటే మనవాళ్ళు ఆ మాట వినేటప్పటికే అక్కడ సగం పని అయిపోయింది! అందుకే ఏం చేయాలో ముందుగానే దానికి నేర్పి ఉంచారు. ఆ పొద్దున ఎంత టెన్షన్ పడి ఉంటారో.

గడియారాలు కూడా కలవవు. అంగారకుడి రోజు 24 గంటల 39 నిమిషాల పైచిలుకు. ఈరోజు ఇద్దరికీ ఒకేసారి తెల్లవారిందనుకుందాం. రోజుకు 40 నిమిషాల చొప్పున జరిగి, పద్దెనిమిది రోజులకల్లా అతని ఉదయం ఆమెకు సాయంత్రమవుతుంది. 2012లో అక్కడ తిరుగాడే నాసా బండి, క్యూరియాసిటీ రోవర్ దిగినప్పుడు నాసా బృందం మొదటి మూడు నెలలు అంగారకుడి వేళల ప్రకారమే పనిచేసింది. నిద్ర, తిండి అన్నీ తారుమారు. ప్రేమించినవాళ్ళూ అదే చేస్తారేమో!

ఇక సుమారు 26 నెలలకోసారి సూర్యుడు రెండు గ్రహాల మధ్యకు వస్తాడు. సూర్యుడి చుట్టూ ఉండే వేడి ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న వాయువు, సంకేతాలను చెడగొడుతుంది కాబట్టి, దాదాపు రెండు వారాలపాటు అక్కడి నౌకలకు ఆదేశాలు పంపడం ఆపేస్తారు. ఆ రెండు వారాలకు సరిపడా మాటలు అతను ముందే దాచి పంపాలి, మా చిన్నాయన క్యాసెట్లలా.

ఆ మౌనం తీరాక అతను మొదట పంపేది సూర్యాస్తమయం ఫొటో అయి ఉండాలి. అక్కడి గాలిలోని సన్నని దుమ్ము వల్ల అస్తమించే సూర్యుడి చుట్టూ ఆకాశం నీలంగా కనిపిస్తుంది. శేషాచలం కొండల వెనక ఎర్రగా దిగే పొద్దు చూసి పెరిగిన పిల్ల, ఆ నీలాన్ని అలాగే చూస్తూ ఉండిపోతుంది. అక్కడ ఆ పొద్దు ఎప్పుడో గూకి ఉంటుంది.