ఎడమ జబ్బ టీకా

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో తొమ్మిది నెలల బిడ్డను టీకాకి తీసుకెళ్తే సూది రెండు జబ్బలకీ పడుతుంది. తట్టు టీకా కుడి జబ్బకి, మెదడువాపు టీకా ఎడమ జబ్బకి. పక్కనున్న అమ్మమ్మ "పసిగుడ్డుకి ఒకటి చాలదా తల్లీ?" అని నర్సమ్మ మీద కసురుకుంటుంది. కుడి జబ్బ సూది దేశమంతటా ఉన్నదే. ఎడమ జబ్బది అలా కాదు, జబ్బు ఉందని సర్కారు గుర్తించిన జిల్లాలకే ఇస్తారు. మల్కన్‌గిరికి ఆ గుర్తింపు తేరగా రాలేదు. 2016లో వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఆ ఒక్క జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయారు. టీకా ఆ తర్వాత వచ్చింది.

జిల్లా కొసన మోటు దగ్గర శబరి, సీలేరు నదులు కలుస్తాయి. ఇటు ఒడిశా, ఒక ఒడ్డున ఆంధ్ర, ఇంకో ఒడ్డున ఛత్తీస్‌గఢ్. సంతలో తెలుగు, కోయ, ఒడియా కలిసే వినబడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఈ అడవంతా జయపురం సంస్థానం కింద, మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కాబట్టి ఇక్కడి టీకాల కథ కూడా మద్రాసు కథే. ప్రెసిడెన్సీకి మశూచి టీకా మందు తయారుచేయడానికి 1899లో గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. దూడల చర్మం మీద పెంచిన ఆ మందుకి ఎండంటే గిట్టదు. కొండెక్కి, ఏరు దాటి ఊరు చేరేసరికి సగం దారిలోనే సత్తువ పోయేది. 1950లలో దాన్ని పొడిగా మార్చే పద్ధతి కుదిరాకే ఎండ దేశాల్లో మశూచి మీద పైచేయి సాధ్యమైంది.

మా పెద్దవాళ్లు మశూచి అనరు, "అమ్మవారు పోసింది" అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్లని లోపలికి రానిచ్చేవారు కారు. అందులో భక్తి ఎంతుందో జాగ్రత్త కూడా అంతే ఉంది. మశూచికి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. రోగి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకా వేస్తే వైరస్‌కి పోయే దారి మూసుకుపోతుంది. 1975 మే తర్వాత మన దేశంలో ఆ జబ్బు పుట్టలేదు, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. తట్టుకీ ఇదే సూత్రం: ఊళ్లో నూటికి తొంభై అయిదు మందికి టీకా పడితే మిగిలిన అయిదుగురినీ ఆ తొంభై అయిదుగురే కాచుకుంటారు.

ఈ సూత్రం మెదడువాపు దగ్గర పనిచేయదు. జపాన్ మెదడువాపు అనే ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. వైరస్ అసలు కాపురం కొంగల్లో, గుడ్డికొంగల్లో. అక్కడి నుంచి పందికి చేరిందంటే దాని నెత్తుట్లో విపరీతంగా పెరుగుతుంది, పందికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మోసేది క్యూలెక్స్ దోమ. అది మురుగులో కన్నా వరిమడి నీళ్లలో ఎక్కువ పుడుతుంది, పొద్దుగూకాక కుడుతుంది. మనిషి ఈ దారిలో అడ్డం వచ్చినవాడే. మన నెత్తుట్లో వైరస్ దోమకి తిరిగి ఎక్కేంతగా పెరగదు. కాబట్టి ఊరంతా టీకా వేయించుకున్నా, వేయించుకోని ఒక్క బిడ్డకి పొరుగువాళ్ల టీకా ఏ రక్షణా ఇవ్వదు. మడీ, పందీ, కొంగా అక్కడే ఉంటాయి. ఎవరి సూది వాళ్లకే.

వైరస్ సోకినవాళ్లలో జబ్బు పైకి తేలేది నూటికి ఒక్కరికన్నా తక్కువే. తేలితే మాత్రం జ్వరం, ఫిట్స్, స్పృహ తప్పడం. అలాంటివాళ్లలో పదిమందికి ముగ్గురి దాకా చనిపోతారు. బతికినవాళ్లలో చాలామందికి కాలో చెయ్యో మాటో సరిగా ఉండదు. దీనికి విరుగుడు మందు లేదు. టీకాకి అంత విలువ అందుకే.

జపాన్‌లో 1924లో వేలమందికి వచ్చాక ఈ జబ్బు లోకానికెక్కింది, 1935లో వైరస్‌ని పట్టారు. మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, వెల్లూరు వైపు. తర్వాత 1973లో బెంగాల్‌లోని బంకురాలో చెలరేగింది. చాలా ఏళ్లు మనకున్నది ఎలుక మెదడులో పెంచిన టీకా. అది కసౌలీలో తయారయ్యేది, కొద్దిగానే. 2005లో గోరఖ్‌పూర్ చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా పోయాక గానీ ఢిల్లీ కదలలేదు. 2006లో చైనాలోని చెంగ్డూ నుంచి, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా తెప్పించి జిల్లాల వారీగా వేయడం మొదలుపెట్టారు.

ఆ జిల్లాల జాబితాలోకి ఎక్కాలంటే ముందు జబ్బు ఉందని తేలాలి. తేలాలంటే పరీక్ష కావాలి, పరీక్షకి వెన్నునీరు తీసేవాడు కావాలి, దాన్ని చల్లగా భువనేశ్వర్ పంపే బండి కావాలి. అడవి జిల్లాలో పిల్లాడు జ్వరంతో పోతే అది "జ్వరం"గానే మిగులుతుంది. అయినా 2012లోనే మల్కన్‌గిరిలో ఈ వైరస్‌ని ప్రయోగశాల పట్టుకుంది. మరో నాలుగేళ్లు ఎడమ జబ్బ ఖాళీగానే ఉంది. నాకు మింగుడుపడనిది ఈ నాలుగేళ్లే.

2016లో జరిగింది మాత్రం అంత సూటి కథ కాదు. చనిపోయిన పిల్లల్లో కొందరికే ఈ వైరస్ ఉన్నట్టు తేలింది. మిగతావాళ్ల సంగతేమిటని చూడటానికి వచ్చిన వైరస్ నిపుణుడు జేకబ్ జాన్ బృందం వేలు పెట్టి చూపించింది కసివింద చెట్టుని. ఒడియాలో బాణచకుండ అంటారు. వానలకి దిబ్బల మీద, గోడల పక్కన పెరిగి పసుప్పచ్చగా పూస్తుంది. పిల్లలు ఆడుతూ పాడుతూ దాని కాయలు నమిలితే, ఒంట్లో బలం లేనివాళ్లకి కాలేయం, కండరం, మెదడు దెబ్బతింటాయి. మనం కూర వండుకునే తగిరిసకి ఇది దాయాదే. చూపు తప్పితే కోసుకురావడం కష్టం కాదు. టీకా ఈ విషాన్ని ఆపదు. 2003లో తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో పిల్లల్ని పొట్టన పెట్టుకున్న చండీపురా వైరస్‌నీ ఆపదు (దాని పేరు నాగపూర్ దగ్గరి ఊరిది, మోసేది ఇసుక ఈగ). మెదడువాపు అన్న ఒక్క మాట కింద ఇన్ని జబ్బులున్నాయి కనకే "టీకా వేశాక కూడా ఫలానావాళ్ల బిడ్డ పోయాడట" అన్న మాట సంతలో తిరుగుతుంది. అది అబద్ధం కాకపోవచ్చు, టీకా తప్పూ కాకపోవచ్చు.

ఆ ఏడాది అధికారులు ముందు పందుల మీద పడ్డారు. ఊరి మధ్య తిరిగే వాటిని ఊరవతలికి తోలించారు. కోయ ఇంట్లో పంది అంటే పెళ్లికీ, పండక్కీ, ఆపదకీ చేతికందే డబ్బు. దాన్ని కళ్లకి కనబడని చోట కట్టమంటే ఎన్నాళ్లు కడతారు? సూదికి మాత్రం జనం వచ్చారు.

సూది చేరడమూ తేలిక కాదు. బలిమెల జలాశయం వెనక నూటయాభైకి పైగా ఊళ్లు దశాబ్దాల పాటు కటాఫ్ ఏరియాగా ఉన్నాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచే దాకా లాంచీయే గతి. ఐస్ ప్యాకులు పెట్టిన నీలం పెట్టె భుజాన వేసుకుని ఏఎన్‌ఎం లాంచీ ఎక్కేది. ఈ టీకా పొడిగా వస్తుంది, సీసాకి అయిదు డోసులు. నీళ్లు కలిపిన నాలుగు గంటల్లో వాడేయాలి. ఇద్దరు పిల్లలే వచ్చారనుకోండి, మిగిలిన మూడు డోసులూ పారబోయాల్సిందే. ఒక్క బిడ్డే వచ్చినా సీసా విప్పాల్సిందే.