రాతి మానులో ఆగిపోయిన పుచ్చు

రాయిగా మారిన చెట్టు ముక్కను అడ్డంగా కోసి సానబెడితే ఎవరి కళ్ళైనా ముందు రంగుల మీదే నిలుస్తాయి. ఎరుపు, పసుపు, ఊదా చారలు చూసి ముచ్చటపడి, ఇది ఏ జాతి చెట్టో అని అడుగుతాం. ఆ చారల మధ్య అక్కడక్కడా గింజంత సందులు, పుచ్చినట్టున్న మచ్చలు కనిపిస్తే వాటిని లోపాల కింద జమకడతాం. నా దృష్టిలో ఆ ముక్కలో అన్నిటికంటే విలువైన చోటు అదే. చెట్టుతోపాటు, చెట్టును తింటున్న ప్రాణి కూడా అక్కడ రాయైపోయి ఉండవచ్చు.

ఆ ప్రాణి శిలీంధ్రం. మోడు మీద మొలిచే పుట్టగొడుగును చూసి అదే శిలీంధ్రం అనుకుంటాం గానీ, అది చెట్టుకు కాయ లాంటిది మాత్రమే. అసలు శరీరం కర్ర లోపల సన్నటి పోగుల వలలా పాకి ఉంటుంది. ఒక్కో పోగు మందం సాధారణంగా 2 నుంచి 10 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో ఎన్నో వంతు. ఎముకా లేదు, గుల్లా లేదు. ఇంత సుకుమారమైనది కోట్ల ఏళ్లు ఎలా నిలిచింది?

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. శిలీంధ్రం పని కర్రను లేకుండా చేయడం. శిలాజం కావాలంటే కర్ర మిగలాలి. తినడం పూర్తయితే రాయిగా మారడానికి ఏమీ ఉండదు, అసలు మొదలే కాకపోతే శిలీంధ్రం జాడ ఉండదు. పుచ్చు పట్టిన శిలాజ కలప దొరికిందంటే, ఆ భోజనం సగంలో ఆగిపోయిందని అర్థం.

ఆపింది సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం. అగ్నిపర్వతం బూడిద కప్పేసిన చోట, నీళ్లు ఆ బూడిదలోని సిలికాను కరిగించుకుని కర్రలోకి ఇంకుతాయి. సిలికా కణాల గోడలకు అంటుకుంటుంది, తర్వాత లోపలి ఖాళీలను నింపుతుంది. ఇదంతా లక్షల ఏళ్ల పని అనుకోనక్కర్లేదు. జపాన్‌లో ఒక వేడినీటి బుగ్గలో ఉంచిన కర్ర ముక్కల్లోకి ఏడేళ్ల వ్యవధిలోనే చాలా సిలికా చేరినట్టు పరిశోధకులు చూశారు. పూర్తిగా గట్టి స్ఫటికంగా మారడానికి చాలా కాలం పట్టవచ్చు, కానీ కుళ్ళును ఆపే తొలి పూత త్వరగానే పడుతుంది. పోగులు ఉన్నవి ఉన్నచోటే బిగుసుకుపోతాయి.

వీటిని చూడాలంటే రాయిని కాంతి దూసుకుపోయేంత పల్చగా, సుమారు 30 మైక్రాన్ల వరకు అరగదీయాలి. రాళ్లను ఇలా గాజు పలక మీద అతికించి అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి తొలినాళ్లలో పదునెక్కింది శిలాజ కలప మీదే. శిలాజ మొక్కలను పరిశీలించిన హెన్రీ విథమ్ 1831లో అచ్చు వేసిన పుస్తకంలోని బొమ్మలు అలా చూసి గీయించినవే. తర్వాత భూగర్భశాస్త్రమంతా ఆ పద్ధతిని అందిపుచ్చుకుంది. అయితే దశాబ్దాల పాటు చూసినవాళ్లు చెట్టు కణాలను చూశారు, వాటి మధ్య పాకిన పోగులను పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నా జాగ్రత్త అవసరం. నిన్నటి బూజు కూడా రాతి పగుళ్లలోకి చేరగలదు. పోగు సిలికా లోపలే బిగుసుకుని ఉందా, కణం గోడను దాటి వెళ్ళిందా అన్నది తేల్చుకున్నాకే దాన్ని పాతది అనాలి.

ఎవరి పోగు అన్నది తేల్చడానికి ఒక చక్కటి గుర్తు ఉంది. పోగులోని రెండు కణాలు కలిసే చోట పక్కగా చిన్న కొక్కెం లాంటి వంపు. దాని పేరు క్లాంప్ కనెక్షన్. మామూలు పుట్టగొడుగులు, చెట్ల మీది బ్రాకెట్ ఫంగస్‌లు ఉన్న వర్గంలో ఒక్కో కణానికి రెండు కేంద్రకాలు ఉంటాయి. కణం విడిపోయేటప్పుడు కొత్త కణానికి కూడా ఆ జత సరిగ్గా అందడానికి ఈ వంపు పక్కదారిలా పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో దొరికిన, సుమారు 33 కోట్ల ఏళ్ల నాటి ఫెర్న్ కాడలో ఈ కొక్కేలు స్పష్టంగా ఉన్నాయి. ఒక కణం తన కేంద్రకాలను పంచుకునే ఏర్పాటు రాతిలో కనిపించడం ఎంత చూసినా తనివి తీరని విషయం.

పోగులు కనిపించకపోయినా కుళ్ళిన తీరే సాక్ష్యం చెబుతుంది. కర్రలో ముఖ్యంగా రెండు పదార్థాలు: నారలాంటి సెల్యులోజ్, దాన్ని పట్టి ఉంచి గట్టిదనమిచ్చే లిగ్నిన్. లిగ్నిన్‌ను కూడా విడగొట్టగలిగితే మిగిలిన కర్ర తెల్లగా, పీచులా అవుతుంది. ఇది తెల్ల కుళ్ళు. లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసి సెల్యులోజ్‌ను తినేస్తే గోధుమరంగు ముక్కలుగా పగులుతుంది. ఈ తేడాలు రాయిలోనూ చెరిగిపోవు. అమెరికాలోని అరిజోనా పెట్రిఫైడ్ ఫారెస్ట్ దుంగలు సుమారు 22 కోట్ల ఏళ్ల నాటివి. ఆ ప్రాంతపు చెట్లకు శిలీంధ్రాల దాడి విస్తారంగా జరిగిందని 1990లో క్రీబర్, యాష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు.

ఈ పుచ్చుకు బొగ్గుతో కూడా ఒక తగాదా ఉంది. సుమారు 36 నుంచి 30 కోట్ల ఏళ్ల క్రితం నాటి కార్బొనిఫెరస్ యుగంలో అంత బొగ్గు ఎందుకు పేరుకుంది? లిగ్నిన్‌ను విడగొట్టే శిలీంధ్రాలు అప్పటికింకా పుట్టలేదు కాబట్టి, పడిన చెట్టు పడినట్టే పోగయింది అన్నది ఒక వాదన. 2012లో శిలీంధ్రాల జన్యువులను పోల్చిన పరిశోధన, ఆ పని చేసే ఎంజైములు సుమారు 29 కోట్ల ఏళ్ల క్రితం రూపుదిద్దుకున్నాయని లెక్కగట్టడంతో ఆ వాదనకు బలం వచ్చింది. వినడానికి ఎంతో బాగుంటుంది, అందుకే ఇప్పటికీ చాలాచోట్ల అదే కథ చెబుతుంటారు. కానీ 2016లో వచ్చిన మరో పరిశోధన దాన్ని గట్టిగా ఖండించింది. ఆనాటి బొగ్గు చిత్తడుల్లో రాజ్యమేలిన, ఇప్పుడు కనుమరుగైన లైకాప్సిడ్ అనే చెట్లలో ఎక్కువ భాగం బెరడే, లిగ్నిన్ ఉన్న కర్ర తక్కువ. బొగ్గు పేరుకోవడానికి అసలు కారణాలు తడి వాతావరణం, కుంగుతూ పోయిన నేలలు. పైగా కార్బొనిఫెరస్‌కు ముందటి డెవోనియన్ యుగం చివరినాటి కాలిజైలాన్ అనే ఆదిమ చెట్టు కలపలోనే శిలీంధ్రాలు కణాల గోడలను కొరికిన ఆనవాళ్లను 1985లోనే వర్ణించారు. అంటే 35 కోట్ల ఏళ్లకు పైబడిన పుచ్చు. జన్యువుల లెక్క ఎంత ముఖ్యమైనదైనా, రాయిలో కంటికి కనిపిస్తున్న పుచ్చును పక్కన పెట్టి మాట్లాడకూడదని నా అభిప్రాయం.

అన్నిటికంటే నిండైన సాక్ష్యం దొరికింది ఇప్పుడు చెట్టన్నదే లేని అంటార్కిటికాలో. పెర్మియన్, ట్రయాసిక్ యుగాల్లో, అంటే సుమారు 30 నుంచి 20 కోట్ల ఏళ్ల క్రితం, అక్కడ అడవులు ఉండేవి. ఆ రాతి కలపను పరిశీలించి స్టబుల్‌ఫీల్డ్, టేలర్ అనే శాస్త్రవేత్తలు 1986లో ప్రచురించిన వర్ణన చదివితే, నేటి అడవిలో కుళ్ళిన దుంగను చూస్తున్నట్టే ఉంటుంది. కదురు ఆకారంలో చిన్న చిన్న అరలు. అరల అంచున ఉన్న కణాల మధ్య అతుకు కరిగిపోయి, కణాలు ఒకదాన్నుంచి ఒకటి విడివడి ఉన్నాయి. వాటి మధ్య కొక్కేలతో సహా పోగులు. నేటి తెల్ల కుళ్ళులో ఒక రకం సరిగ్గా ఇలాగే అరలు అరలుగా తింటుంది. అంటార్కిటికా రాతి మొక్కల్లో కొన్నిచోట్ల సన్నటి సొరంగాలు, వాటి నిండా గుండ్రటి చిన్న రెట్టల గుళికలు కూడా ఉన్నాయి. అవి ఒరిబాటిడ్ మైట్లు అనే అతి చిన్న జీవులవి. కర్రను శిలీంధ్రం మెత్తబరిస్తే అవి వచ్చి తింటాయి, ఇప్పటికీ అడవుల్లో జరిగేది ఇదే.

అదే ఖండంలో, ఉత్తర విక్టోరియా లాండ్‌లో దొరికిన జురాసిక్ ఆరంభకాలపు శంఖువృక్షం కలపలో మరో దృశ్యం ఉంది. నీటిని మోసే కణాల్లోకి పక్కనున్న కణాలు బుడగల్లా ఉబ్బి చొచ్చుకొచ్చి దారి మూసేశాయి. వీటిని టైలోసులు అంటారు. గాయమైనా, శిలీంధ్రం సోకినా నేటి చెట్లు కూడా ఇలా అడ్డుకట్ట వేసుకుంటాయి. ఆ కలపలో టైలోసులూ ఉన్నాయి, శిలీంధ్రం పోగులూ ఉన్నాయి. చచ్చిన కర్ర టైలోసులు కట్టలేదు. ఆ బుడగలు ఉబ్బేనాటికి చెట్టు ఇంకా ప్రాణంతోనే ఉంది.