సకినాల నూనె, ట్రాక్టర్ ఆయిల్: గచ్చు మీద రెండు మరకలు

సంక్రాంతికి ముందు వారం పది రోజులు వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు సకినాలు చాలా ఇళ్లలో వాకిట్లోనే కాలుస్తారు. ఇటుకలు పేర్చి, పెద్ద మూకుడు పెట్టి, ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుంటే అదొక పండగ. పొయ్యి తీసేశాక ఆ చోట సీసీ మీద నూనె మరక మిగులుతుంది. అదే వాకిట్లో గేటు పక్కన, ట్రాక్టరో మోటార్ సైకిలో నిలబెట్టే చోట ఇంకో మరక ఉంటుంది. అది ఇంజన్ నుంచి చుక్క చుక్కగా కారింది. చూపుకు రెండూ ఒకటే నలుపు, ఒకటే జిడ్డు. మనం వాటి మీద పోసేవి కూడా ఒకటే: ముందు సబ్బు పొడి, తర్వాత ఇంత డీజిలు, దానికీ పోకపోతే బాత్రూం కడిగే యాసిడ్. కానీ రసాయనికంగా ఈ రెండు మరకలకూ సంబంధం లేదు. సకినాల మరకను వదిలించే సోడా ఆయిల్ మరకను కదిలించలేదు. యాసిడ్ అయితే రెండింటికీ పనికిరాదు, పైగా గచ్చును తినేస్తుంది.

ముందు గచ్చు సంగతి చూద్దాం. గట్టిగా ఉంది కాబట్టి లోపల నిండుగా ఉంటుందనుకుంటాం. సిమెంటు గట్టిపడేది ఎండిపోవడం వల్ల కాదు, నీటితో రసాయన చర్య జరగడం వల్ల. 50 కిలోల బస్తాకు ఆ చర్యలో నిజంగా కలిసిపోయే నీరు 12 లీటర్ల లోపే. అంత తక్కువ నీటితో మాలు కలవదు, పారకు రాదు. అందుకని మంచి మేస్త్రీ కూడా 20, 25 లీటర్లు పోయిస్తాడు. "ఇంకిన్ని నీళ్లు పొయ్యి" అనే కేక వినబడిన చోట అది 30 దాటుతుంది. ఎక్కువైన నీరు తర్వాత ఆవిరైపోతుంది, అది ఉన్న చోటు ఖాళీగా మిగిలిపోతుంది. ఈ సన్న దారులు కొన్ని వెంట్రుక మందంలో పదో వంతు, కొన్ని వెయ్యో వంతు. మామూలు గచ్చు పరిమాణంలో పదో వంతు దాకా ఇలాంటి ఖాళీయే ఉండొచ్చు. కాకతీయుల గుళ్లలో కనిపించే నల్లరాయి లాంటి అగ్నిశిలల్లో ఖాళీలు సాధారణంగా నూటికి ఒక వంతు కూడా ఉండవు. అందుకే వందల ఏళ్ల దీపాల నూనె అలాంటి రాతి మీద పైపైన పేరుకుంటుంది, గీకితే వస్తుంది. మన వాకిట్లో నిన్న ఒలికిన నూనె మాత్రం లోపలికి దిగిపోతుంది.

దిగడానికి దాన్ని ఎవరూ నెట్టనక్కర్లేదు. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే సన్నటి దారి తనంతట తానే ద్రవాన్ని లాక్కుంటుంది. ఆ లాగుడు ఎంత వేగంగా ఉంటుందో 1918లో లూకాస్, 1921లో వాష్‌బర్న్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా లెక్కగట్టారు. ద్రవం వెళ్లే లోతు, గడిచిన కాలం వర్గమూలంతో పెరుగుతుంది. అంటే ఒక గంటలో నూనె ఎంత లోతు దిగిందో, దానికి రెట్టింపు దిగాలంటే నాలుగు గంటలు పడుతుంది. మొదట్లో వేగం ఎక్కువ, పోను పోను మందగిస్తుంది. కాబట్టి ఒలికిన మొదటి పది నిమిషాల్లో చేసే పని, మర్నాడు రెండు గంటలు తోమిన దానికంటే విలువైనది. చిక్కదనం సంగతి కూడా ఇందులోనే ఉంది. ఇంజన్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు మెల్లగా పాకుతుంది. ఇంజన్ వేడి మీద దించిన ఆయిల్, 170, 180 డిగ్రీల మూకుడులోంచి చిందిన నూనె నీళ్లలా పల్చబడి ఇట్టే ఇంకిపోతాయి. మే నెలలో ఎండకు మాడే గచ్చు మీద కారిన ఆయిల్ కూడా అంతే.

దారులు ముందే నీటితో నిండి ఉంటే నూనెకు చోటు దొరకదు. సిమెంటుకు నూనె కంటే నీరంటేనే ఇష్టం ఎక్కువ. అందుకే బండికి ఆయిల్ మార్చే ముందు ఆ చోట నీళ్లు చల్లి, నిలిచిన నీటిని ఊడ్చేసి, గచ్చు తడిగా ఉండగానే పని మొదలుపెడితే సగం బాధ తప్పుతుంది. పొయ్యి దగ్గర మాత్రం ఈ ఉపాయం వద్దు. తడి మీద పడిన కాగిన నూనె చిటపటలాడి కాళ్ల మీదికి ఎగురుతుంది.

ఒలికిందనుకోండి. రుద్దకూడదు. రుద్దితే జానెడు మరక మూరెడవుతుంది. పైన నిలిచిన నూనెను పాత బట్టతో అద్ది తీసి, మీద పొడి పోయాలి. చాలామంది ఇసుక పోస్తారు. ఇసుక రేణువులో ఖాళీలుండవు కాబట్టి అది నూనెను పారకుండా ఆపుతుందే తప్ప పెద్దగా పీల్చదు. రంపపు పొట్టు మేలు. మన వైపు అంతకంటే మేలైనది రైస్ మిల్లు ఊక బూడిద. వడ్ల బరువులో ఐదో వంతు ఊక, ఆ ఊకను కాలిస్తే మళ్లీ ఐదో వంతు బూడిద. అందులో 85 నుంచి 90 శాతం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. వరి మొక్క నేలలోంచి తాగిన సిలికాను ఊకలో సన్నటి జాలీలాగా పేర్చుకుంటుంది. కాలిపోయినా ఆ జాలీ నిలుస్తుంది, నూనెను పట్టేది అదే. సగం కాలిన నల్ల బూడిదలో మిగిలిన బొగ్గు కూడా నూనెను బాగానే పడుతుంది. కాకపోతే గచ్చుకు నలుపు అంటుతుంది కాబట్టి బూడిద రంగులో బాగా కాలినదే చూసి తెచ్చుకోవాలి. మిల్లు చుట్టుపక్కల ఊళ్లు తిట్టుకునే సరుకు ఒక పనికి ఇంత బాగా వస్తుందని ఆ ఊళ్లవాళ్లే నమ్మరు. రాత్రంతా ఉంచి పొద్దున ఊడిస్తే పైపై నూనెలో చాలా భాగం దానితోపాటే వస్తుంది.

ఇక ఇంకిపోయినది. ఇక్కడ రెండు మరకల దారులు విడిపోతాయి.

పల్లి నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు, ఏదైనా సరే గింజ నూనె అంటే కొవ్వు ఆమ్లాలు గ్లిసరాల్‌తో ముడిపడిన అణువులు. క్షారం తగిలితే ఆ ముడి విడిపోతుంది. కొవ్వు ఆమ్లం క్షారంతో కలిసి సబ్బవుతుంది. సబ్బు తయారయ్యేది ఇలాగే. అంటే సకినాల మరకను అది ఉన్నచోటే సబ్బుగా మార్చి నీళ్లతో కడిగేయొచ్చు. దానికి చాకలి సోడా చాలు. లీటరు వేడి నీళ్లకు రెండు మూడు చెంచాలు కలిపి పోసి, అరగంట తడి ఆరకుండా చూసి, గట్టి నైలాన్ బ్రష్‌తో తోమాలి. నీళ్లు వేడిగానే ఉండాలి, చల్లటి నీళ్లలో ఈ చర్య నత్తనడక నడుస్తుంది. వంట సోడా వాడి "ఏం పోలేదు" అనేవాళ్లున్నారు. దాని క్షారత చాలా తక్కువ: నీళ్లలో కలిపితే పీహెచ్ (క్షారత ఎంతో చెప్పే అంకె) 8 పైచిలుకు. చాకలి సోడాది 11 దాకా ఉంటుంది. చేతులకు రబ్బరు తొడుగులు మరవొద్దు, మన చర్మం మీది జిడ్డు కూడా దానికి నూనే.

అయితే గింజ నూనె ఆలస్యాన్ని సహించదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని జిగురుగా, తర్వాత పొరగా గట్టిపడతాయి. కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల్లో ఇది త్వరగా, పల్లి నూనెలో నిదానంగా జరుగుతుంది. నాలుగు వాయిలు కాల్చిన నూనెలో మూకుడులోనే మొదలైపోయి ఉంటుంది. ఉగాది దాకా ఆగిన మరకకు సోడా ఒక్కసారితో సరిపోదు. ఇంకో చిక్కు: సిమెంటులో ఎలాగూ సున్నం ఉంటుంది. పాతబడి పులిసిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఆ సున్నంతో కలిసి కాల్షియం సబ్బవుతాయి. అది నీళ్లలో కరగదు, నురగ రాదు, తెల్లగా పిండిపిండిగా ఉండిపోతుంది. సున్నం పోయిన మేర గచ్చు మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి నూనె పడే చోట, మిర్చి బజ్జీల బండి ఎప్పుడూ నిలబడే చోట, గచ్చు పైపొర గరుకుగా లేచిపోవడానికి ఇదీ ఒక కారణం. బట్టల సబ్బుతో తోమితే లాభం లేకపోవడమూ ఇందువల్లే. ఆ సబ్బు కూడా గచ్చులోని, బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. డిటర్జెంట్ పొడికి ఈ ఇబ్బంది తక్కువ. కుంకుడు రసానికి కూడా తక్కువే, దాని నురగ కొవ్వు ఆమ్లాల సబ్బు వల్ల వచ్చేది కాదు కాబట్టి.

ఇంజన్ ఆయిల్ కథ వేరు. అది భూమిలోంచి తీసిన ముడి చమురు నుంచి వచ్చిన హైడ్రోకార్బన్, అంటే కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు కలిసిన పదార్థం. విడిపోవడానికి అందులో ముడే లేదు. చాకలి సోడా బస్తాడు పోసినా అది సబ్బు కాదు. ఊరట ఏమంటే అది సున్నంతోనూ కలవదు, గచ్చును తినదు, త్వరగా గట్టిపడదు. నెలలు గడిచినా దారుల్లో ద్రవంగానే ఉంటుంది కాబట్టి బయటికి లాగే అవకాశం ఉంటుంది. పెట్రోలో డీజిలో పోస్తే అది కరుగుతుంది, నిజమే. కరిగి ఎటు పోతుంది? పల్చబడింది కాబట్టి ఇంకాస్త లోతుకు, ఇంకాస్త వెడల్పుకు. పైన చూస్తే మరక లేతబడ్డట్టు కనబడుతుంది, రెండు రోజుల్లో పెద్దదై తేలుతుంది. పెట్రోలుకు నిప్పు భయం సరేసరి.

పనికొచ్చేది ముద్ద పద్ధతి. రాతి కట్టడాల మరకలు తీసేవాళ్లు ఎప్పటి నుంచో వాడేదే. ఊక బూడిదగానీ ముల్తానీ మట్టిగానీ తీసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్ ధారాళంగా పోసి, వేడి నీళ్లతో చపాతీ పిండి కంటే కొంచెం వదులుగా కలపాలి. ముందు మరకను అదే లిక్విడ్‌తో తోమి తడిపి, సెంటీమీటరు మందాన ముద్దను మరక అంచు దాటేలా పరవాలి. పైన పాలిథీన్ కవరు కప్పి అంచుల మీద రాళ్లు పెట్టాలి. మొదటి రోజంతా కవరు కిందనే ఉండాలి. లిక్విడ్ దారుల్లోకి దిగి, ఆయిల్‌ను సన్నటి బొట్లుగా విడగొట్టి నీటిలో తేలేలా చేయడానికి ఆ సమయం కావాలి. తర్వాత కవరు తీసి ఎండకు వదిలేయాలి. అసలు పని అప్పుడే జరుగుతుంది. ముద్ద పైనుంచి నీరు ఆవిరవుతుంటే ఆ లోటు తీర్చడానికి గచ్చులోంచి తడి పైకి ఎక్కుతుంది, దానితో ఆయిల్ కూడా. ముద్దలోని సందులు గచ్చు దారుల కంటే సన్నవైతే లాగుడులో అదే గెలుస్తుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది అనేది ఇందుకే. ఎండి బీటలు వారిన పెచ్చును పారతో లేపి తిరగేసి చూస్తే గచ్చుకు తగిలిన వైపు చెమ్మగా, గోధుమ రంగుగా ఉంటుంది, పైవైపు ఇంకా లేత బూడిద రంగే. ఆ తేడా కనబడినంత కాలం మళ్లీ మళ్లీ వేయొచ్చు. పాత మరకకు మూడు నాలుగు సార్లు మామూలే. పెచ్చు రెండు వైపులా ఒకే రంగులో వచ్చినప్పుడు ఆపేయొచ్చు.

అప్పటికీ ఒక నీడ మిగలొచ్చు. డీజిల్ ఇంజన్ల పాత ఆయిల్ నలుపు ఆయిల్‌ది కాదు, అందులో తేలే మసిది. ఆయిల్ వచ్చేసినా మసి దారుల్లో ఇరుక్కుపోతుంది. మసి అంటే కార్బన్, బ్లీచింగ్ పౌడర్ దాన్ని ఏమీ చేయలేదు.

యాసిడ్ ఎందుకు వద్దో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పోసినప్పుడు పని జరుగుతున్నట్టే కనబడుతుంది. బుసబుసమని నురగ లేస్తుంది, పొగ వస్తుంది. ఆ బుడగలు కార్బన్ డై ఆక్సైడ్, సిమెంటు కరుగుతుంటే వచ్చేవి. ఆ యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ఇంజన్ ఆయిల్ అక్కర్లేదు, సున్నం కావాలి. నూనె పట్టిన చోట అది అంటను కూడా అంటదు, చుట్టుపక్కల మంచి గచ్చునే కొరుకుతుంది. కడిగాక మరక అలాగే, దాని చుట్టూ ఇసుక తేలిన తెల్లటి గరుకు వలయం. ఇప్పుడు దారులు ఇంకా పెద్దవి. వచ్చే చుక్క ఇంకా వేగంగా దిగుతుంది. డాబా మీదైతే యాసిడ్‌లోని క్లోరైడ్ స్లాబులోకి దిగి కడ్డీలకు తుప్పు పట్టిస్తుంది. షాబాద్ బండలు సున్నపురాయే కాబట్టి వాటికీ ఇదే గతి. ఇక యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

నూనెను తినే సూక్ష్మజీవులున్న ద్రావణాలు కూడా బజారులో దొరుకుతున్నాయి. ఈ ఆలోచనలో మనవాడి పేరుంది. ముడి చమురును విడగొట్టే బ్యాక్టీరియాను రూపొందించిన ఆనంద మోహన్ చక్రవర్తికి దాని మీద పేటెంట్ చెల్లుతుందని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జీవి మీద పేటెంట్ చర్చ అంతా అక్కడి నుంచి ముదిరింది. అయితే మన గచ్చులో వాటికి బతుకు కష్టం. కొత్త సిమెంటు పీహెచ్ 12 పైన ఉంటుంది, మామూలు బ్యాక్టీరియా అందులో నిలవదు. ఏళ్లు గడిచి గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ పీల్చుకుని గచ్చు పైపొర పీహెచ్ 9 దాకా దిగాక కొంత నయం. అప్పుడు కూడా తడి ఆరకుండా వారాలు చూసుకోవాలి. ఎండాకాలం వరంగల్‌లో అది అయ్యే పని కాదు.

ఇంజన్ ఆయిల్ పట్టిన బూడిదనూ పెచ్చులనూ మోరీలో వేయకూడదు. మోరీ నీళ్లు కుంటకో చెరువుకో చేరతాయి, వాడిన ఆయిల్‌లో లోహాలూ క్యాన్సర్ కారకాలైన పదార్థాలూ ఉంటాయి. సంచిలో కట్టి, పెయింటు డబ్బాలు, పాత బ్యాటరీల్లాగా విడిగా చెత్త బండికి ఇవ్వాలి. సకినాల నూనె పీల్చిన బూడిదకు ఆ బాధ లేదు, కొంచెం కొంచెంగా పెంటకుప్పలో కలపొచ్చు. రంపపు పొట్టు లేదా బట్టలతో పీల్చినదైతే కుప్పగా వదలొద్దు. గింజ నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, కుప్ప లోపల ఆ వేడి పోగై దానంతట అదే అంటుకోవచ్చు.

ఆ చోట పెయింటు వేయాలనో టైల్స్ అతికించాలనో ఉంటే కంటికి కనబడే శుభ్రతను నమ్మొద్దు. గచ్చు బాగా ఆరాక నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసి చూడండి. పక్కనున్న మంచి గచ్చు మీద చుక్క పరచుకుని నల్లబడుతుంది. మరక చోట అది గుండ్రంగా నిలబడితే లోపల ఇంకా నూనె ఉంది, దాని మీద ఏది వేసినా రెండు వానలకు లేచిపోతుంది. ఇంకో ముద్ద వేయాల్సిందే.