పట్టేసిన స్టీరింగ్ గురించి పిల్లలకు

పిల్లలూ,

పాత ట్రాక్టర్ స్టీరింగ్ కదలట్లేదని, మీరంతా కలిసి చక్రానికి గునపం తగిలించి లాగబోయారని నాన్నమ్మ ఫోన్లో చెప్పింది. కంటి ఆపరేషన్ అయింది కాబట్టి నేను ఇంకొన్నాళ్లు విశాఖలో మీ అత్త ఇంట్లోనే ఉండాలి, అందుకే రాస్తున్నా. ముందు ఆ గునపం పక్కన పెట్టండి. అంత బలం పెడితే పట్టేసింది వదలదు, చక్రం ఊచ విరుగుతుంది.

అసలు ఎక్కడ పట్టేసిందో చూశారా? చక్రం కింద పొడవాటి గొట్టం, దాంట్లో రాడ్డు, రాడ్డు కింది చివర వార్మ్ అనే మరలు, ఆ మరల మీద ఎక్కి దిగే నట్టు, నట్టు కదిపితే తిరిగే షాఫ్టు, దానికి బయట వేలాడే డ్రాప్ ఆర్మ్, అక్కణ్నుంచి ముందు చక్రాలకు డ్రాగ్ లింకు. ఇందులో ఏది బిగుసుకున్నా మీ చేతికి ఒకేలా ఉంటుంది. అందరూ గొట్టాన్నే తిడతారు గానీ, గ్రీజు గన్ ముఖం చూడని కింగ్ పిన్నులు, అంటే ముందు చక్రాలు పక్కలకి తిరిగే పిన్నులు కూడా ఇలాగే చేస్తాయి.

బాబాయిని పిలిచి, వెనక టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఇరుసు జాకీతో లేపించి కింద గట్టి దుంగలు పెట్టించండి. జాకీని నమ్మి కిందకి దూరొద్దు. డ్రాగ్ లింకును డ్రాప్ ఆర్మ్ దగ్గర విప్పాక టైరును చేత్తో పక్కకి తోయండి. టైరు తిరిగి, స్టీరింగ్ మాత్రం తిరగకపోతే తప్పు పైనే. అప్పుడు చక్రాన్ని మెల్లగా కదిపి చూడండి. రాయిలా ఉంటే చాలాసార్లు పై బుష్ దగ్గర, అంటే గొట్టం పైచివర రాడ్డును పట్టి ఉంచే రింగు దగ్గర పట్టేసినట్టు. కొంచెం స్ప్రింగులా వెళ్లి వెనక్కి వస్తే రాడ్డు మెలిపడుతోందన్నమాట, కాబట్టి పట్టేసింది కింద.

హుద్‌హుద్ తుఫానుకి, అదే 2014 అక్టోబర్‌లో, షెడ్డు రేకులు ఎగిరిపోయాక ఆ బండి చాలాకాలం వానలో నానింది. చక్రం మధ్యలో మూత పోయింది, నీళ్లు రాడ్డు వెంట లోపలికి దిగాయి. పైగా మనది భీమిలి ఉప్పుగాలి, తుప్పు తొందరగా పడుతుంది. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. బుష్‌కీ రాడ్డుకీ మధ్య ఉండే సందే వెంట్రుకంత, అది నిండిపోతే వేలు వాచాక ఉంగరం బిగిసినట్టే.

పై బుష్ అయితే చక్రం తియ్యాలి. చక్రం మధ్యలోని నట్టు పూర్తిగా ఊడదీయకుండా రెండు మూడు మరల మీద ఉంచి, చక్రాన్ని పైకి లాగే పుల్లర్ వెయ్యండి, చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగలదు, రాడ్డు మరలూ పాడవవు. రాడ్డు నెత్తిన సుత్తితో మాత్రం కొట్టొద్దు, ఆ దెబ్బ కింద బేరింగుకి తగులుతుంది. డీజిల్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి సాయంత్రం సందులో పొయ్యండి, గొట్టం చుట్టూ చెక్క సుత్తితో చిన్నగా తట్టి రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి చక్రం మళ్లీ బిగించి ఎడమకి కొంచెం, కుడికి కొంచెం. వచ్చినంతే, మళ్లీ ఆయిల్. ఒకే వైపు పట్టుదలగా తిప్పితే తుప్పు పొడి అంతా ఒకచోట కూరుకుపోతుంది.

కొందరు మెకానిక్‌లు వెంటనే గ్యాస్ వెలిగిస్తారు. మన బండికి డీజిల్ ట్యాంకు స్టీరింగ్ ముందే ఉంది, నిప్పు అక్కడికి రాకూడదు! మరీ మొండిగా ఉంటే గొట్టం పైభాగం గుడ్డతో కప్పి, బయట వేడి నీళ్లు పొయ్యండి. గొట్టం ముందు వేడెక్కి కొంచెం వ్యాకోచిస్తుంది, లోపలి రాడ్డు ఇంకా చల్లగానే ఉంటుంది.

కింద పట్టేసి ఉంటే స్టీరింగ్ గేర్ బాక్స్, అంటే వార్మ్ ఉండే పెట్టె, అడుగు బోల్టు విప్పి డబ్బా పెట్టండి. ముందు ఎర్రటి నీళ్లు, తర్వాత ఆయిల్ వస్తే ఆశ్చర్యపోకండి, నీళ్లు బరువు కదా, అడుగున కూర్చుంటాయి. అక్కడా డీజిల్ పోసి నాననిచ్చి, వదిలాక పూర్తిగా వంపేసి 90 నంబర్ గేర్ ఆయిల్ పొయ్యండి. అయినా తిప్పుతుంటే కరకరలాడితే వార్మ్ గుంతలు పడినట్టే, అది మార్చాలి. అలాగే రోడ్డెక్కొద్దు, పొలంలో కూడా వద్దు.

కింద షాఫ్టు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రింగు, ఆయిల్ సీలు కూడా పాతదే. దాని అంచున మామూలుగా మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, ఎక్కువగా మిల్లీమీటర్లలో. తుడిచి ఫోటో పంపండి, గాజువాక ఆటోనగర్‌లో మామయ్యతో తెప్పిస్తా. అది వచ్చేదాకా గొట్టం మీద ప్లాస్టిక్ సంచి కట్టి ఉంచండి.

మీ తాతయ్య